కంపచెట్ల మీద ఆయన ముఖం

పోయిన నెల ఏదో పని మీద కదిరికి వెళ్ళాను. ఎండకు తాళలేక బస్టాండు ఎదురుగా ఉన్న అంగట్లో సోడా అడిగితే ప్లాస్టిక్ సీసా చేతిలో పెట్టారు. మూత తిప్పుకుని తాగాను. అంగడి మనిషి నా వంక మళ్ళీ చూడలేదు. ఖాళీ సీసా ఎక్కడ వేయాలని అడిగితే రోడ్డు వైపు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం చూశాక ఆయన గుర్తొచ్చాడు.

"ఈ పక్క సందులో సోడా మిషను పెట్టుకుని ఒకాయన ఉండేవాడు, బాగున్నాడా?" అని అడిగాను.

"ఆయప్పా? పోయి చానా దినాలాయ గదమ్మా," అన్నాడు అంగడి మనిషి.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. తన పేరూ ముఖమూ అచ్చులో కనపడాలన్న కోరిక ఆయనకు ఒకప్పుడు గట్టిగా ఉండేది. ఆ కోరిక తీరింది కూడా. తీరాక ఏమైందో పక్కనే ఉండి చూసినదాన్ని కనుక, మళ్ళీ ఆ పని నా చేతుల మీదుగా జరగనివ్వను.

డెబ్బైల చివర్లో నాకు కదిరిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అమ్మా నేనూ ఆయన ఇంట్లో ముందు భాగం అద్దెకు తీసుకున్నాం. వెనక భాగంలో ఆయన, ఆయన భార్య ఉండేవారు. పిల్లలు లేరు. పెరట్లో రేకుల కొట్టం, కొట్టంలో సోడా మిషను, బయట బావి, బావి పక్కన సీసాలు కడిగే సిమెంటు తొట్టి. ఆయన్ను అన్నా అనీ, ఆమెను వదినా అనీ పిలిచేదాన్ని. ఆయన మాత్రం నన్ను మొదటి రోజు నుంచీ టీచరమ్మా అనే అన్నాడు. నేను ఏ తరగతికి చెబుతానో ఎప్పుడూ అడగలేదు. బళ్ళో వార్షికోత్సవం ఎప్పుడో మాత్రం ఏటా అడిగేవాడు. ఆ రోజు సోడాలు బాగా పోయేవి.

మిషను పెద్దదేమీ కాదు. నీళ్ళు నింపిన సీసాను ఇనప చట్రంలో బిగించి, గ్యాసు వదిలి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే లోపలి గోలీ పైకి వచ్చి మూతికి బిగుసుకునేది. తాగేటప్పుడు దాన్ని బొటనవేలితో లోపలికి నొక్కితే కీచుమనేది. ఆ కీచు మీద ఆయనకు నమ్మకం ఎక్కువ. పొద్దున తెరిచిన మొదటి సీసా సన్నగా, పొడుగ్గా అరిస్తే ఆ రోజు వ్యాపారం బాగుంటుందనేవాడు. మొద్దుగా అరిస్తే అంగడి తెరవడానికే బద్ధకించేవాడు. అంగడి తెరవకపోతే వ్యాపారం ఎట్లా అవుతుందని వదిన అడిగితే, తప్పు తనది కాదని, కీచుదని చెప్పేవాడు.

కడిగిన ప్రతి సీసానూ ఎండకు ఎత్తి, ఎడమ కన్ను మూసి, కుడికంటితో అడుగు దాకా చూసేవాడు. ఆ అలవాటు ముదిరిపోయి, చేతికి ఏది ఇచ్చినా అలాగే చూసేవాడు. అమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసును, ఎవరో తెచ్చిన పెళ్ళి పత్రికను, వదిన కొనుక్కొచ్చిన వంకాయను. ఒకసారి చుట్టాలు పసిబిడ్డను తెచ్చి ఒళ్ళో పెడితే దాన్నీ వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూశాడు. తల్లి భయపడి బిడ్డను లాక్కుంది. ఆయనకు ఆమె ఎందుకు లాక్కుందో అర్థం కాలేదు.

ఎండలో సీసాలను అంతసేపు చూసే మనిషి అందులోది మాత్రం తాగేవాడు కాదు. ఎందుకన్నా అంటే, గ్యాసు పట్టేస్తుంది అనేవాడు. వినేవాళ్ళలో అప్పుడే సోడా తాగిన వాళ్ళు ఉన్నా మొహమాటపడేవాడు కాదు.

ఆయన ప్రాణం సోడాలో లేదు, సీసాలో ఉంది. ఎవరు సోడా తీసుకున్నా ఎదురుగా నిలబడి గొంతులోకి దిగే ప్రతి గుటకనూ చూసేవాడు. అలా చూస్తుంటే కొందరికి పొలమారేది. ఎవరైనా నాలుగడుగులు పక్కకు వేస్తే, ఆయనా నాలుగడుగులు వేసేవాడు. బజారులో తెలిసిన మనిషి కనపడితే అందరూ బాగుండావా అంటారు కదా, ఆయన "సీసా యాడ?" అనేవాడు. ఆ మనిషి ఆ రోజు సోడా తాగి ఉండకపోవచ్చు. పాతది ఏదైనా ఉంటే బయటపడుతుందని ఆయన ఆశ. పెళ్ళికి పిలిస్తే అక్షింతలు వేసి నేరుగా పందిరి వెనక్కు పోయేవాడు. అక్కడ ఖాళీ సీసాలుంటాయి. భోజనం దగ్గర ఆయన కనపడలేదని ఎవరూ ఎప్పుడూ వెతకలేదు.

ఒకసారి ఎన్నికల సభకు సోడాలు ఇచ్చాడు. వచ్చిన నాయకుడు సగం తాగి, మిగిలిన సగంతో సీసా పట్టుకుని జీపెక్కి పోయాడు. ఈయన సైకిలు తీసుకుని జీపు వెంట పడ్డాడు. చీకటి పడే వేళకు తిరిగి వచ్చాడు. చేతిలో సీసా, మెడలో బంతిపూల దండ. ఏమైందని అడిగితే చెప్పాడు. పక్క ఊళ్ళో కూడా సభ ఉందట. నాయకుడు ఒక చేత్తో మైకూ ఒక చేత్తో సీసా పట్టుకుని మాట్లాడుతుంటే ఈయన ముందు వరసలో కూర్చుని సీసా మీద నుంచి చూపు తిప్పలేదట. ఇంత శ్రద్ధగా విన్న మనిషిని తాను జిల్లాలోనే చూడలేదని నాయకుడు తన మెడలో దండ తీసి ఈయనకు వేశాడట. ఏం మాట్లాడినాడన్నా అంటే, "నీళ్ళు తెస్తానన్యాడు గావాల," అన్నాడు. ఆయన చూపు అప్పటికే సీసా అడుగు మీద ఉంది.

ఆ సీసాల మీద గాజులోనే పోత పోసిన అక్షరాలుండేవి. అరవ అక్షరాలు. అటెక్కడో మూతబడిన సోడా కంపెనీ సీసాలను ఈయన చవగ్గా తెచ్చుకున్నాడు. మా వీధిలో అరవం చదవడం వచ్చినవాళ్ళు లేరు కనుక, అవి మా తాత పేరు అని చెప్పుకునేవాడు. చాలా ఏళ్ళుగా వీధంతా నమ్మింది, వచ్చాక నేనూ నమ్మాను. ఒక రోజు సేలం వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరు సోడా తాగుతూ ఆ అక్షరాలు పైకి చదివి, ఇది ఆడమనిషి పేరు కదా అన్నాడు. అంగట్లో ఉన్నవాళ్ళంతా ఆయన వంక చూశారు. ఆయన తడుముకోలేదు. "మా తాత మెత్తని మనిషిలే," అన్నాడు.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ ఆ సాయంత్రం తొట్టి దగ్గర కూర్చుని ఒక సీసాను తడుముతూ, ఇన్నేండ్లు ఎవరో ఆడమనిషి పేరు కడిగినా టీచరమ్మా అన్నాడు. కష్టం తనదైతే పేరు ఇంకెవరిదో కావడం ఆయనకు అప్పుడు తెలిసి వచ్చింది. తన పేరుతో సీసాలు పోయించాలంటే ఏ ఊరు పోవాలో అందరినీ అడిగాడు. ఎవరికీ తెలియలేదు.

ఎనభైలు వచ్చాక వాన మా వైపు రావడం మానుకుంది. అనంతపురం జిల్లాలో వాన రాకపోవడం ఎవరికీ వింత కాదు. కానీ ఆ రెండు మూడేళ్ళు సెనిక్కాయ విత్తిన చేలు విత్తినట్టే ఉండిపోయాయి. మా పెరటి బావిలో చేదతాడు పొడుగు పెరుగుతూ పోయింది. వీధిలో మిగతా బావులు ముందే ఎండిపోయాయి కనుక ఆడవాళ్ళంతా కడవలు తీసుకుని మా పెరట్లోకి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళకు మొదట కనపడేది సిమెంటు తొట్టి. తొట్టి నిండా నీళ్ళు, నీళ్ళలో సీసాలు. తొట్టిలో నానబెట్టి, బ్రష్షుతో కడిగి, బక్కెట్లో ముంచి, మళ్ళీ మంచినీళ్ళతో తొలిపేవాడు. శుభ్రం విషయంలో ఆయనకు వంక పెట్టలేం. శుభ్రమే అందరికీ కంటగింపు అయింది.

తాగడానికి గుక్కెడు లేకపోతే నీకు సీసాలకు స్నానమా అని ఆడవాళ్ళు నిలదీశారు. బావి నాది, తొట్టి నాది అన్నాడాయన. బావి నీదైతే ఊట ఎవరిదన్నారు వాళ్ళు. ఆయన సాయం కోసం భార్య వంక చూశాడు. ఆమె కడవ పట్టుకుని ఆడవాళ్ళ వైపు నిలబడి ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆయన సంగటి ముందు కూర్చుంటే వదిన చెంబు పెట్టలేదు. గోలీసోడా పెట్టింది. నేను అమ్మ కోసం చింతపండు అడగడానికి వెళ్ళి గడప దగ్గర ఉన్నాను.

"ఏంది ఇది?" అన్నాడు.

"నీళ్ళు."

"సోడా గదా."

"నీళ్ళన్నీ దాంట్లోకే పాయ. యాడుంటే ఆన్నుంచే తాగల్ల," అంది వదిన.

రాగిసంగటి గొంతుకు అడ్డం పడితే ఎవరికైనా నీళ్ళు కావాలి. ఆయన కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత బొటనవేలితో గోలీ నొక్కి, జీవితంలో మొదటిసారి తన సోడా తాను తాగాడు. ముక్కులోకి గ్యాసు కొట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. పెద్దగా తేన్చి, ఎక్కువైంది అన్నాడు. గ్యాసు ఎక్కువైందో, పెళ్ళాం చేసింది ఎక్కువైందో మాకు తెలియలేదు. ఆ సాయంత్రం తొట్టి నీళ్ళన్నీ పెరట్లో కట్టేసిన పాల ఎనుముకు పోయాయి. అంగడి తలుపు వేశాడు.

వారం తిరక్కముందే బెంగళూరు బస్సెక్కాడు. అక్కడ వదిన తమ్ముడు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక చిన్న మిషను, రంగునీళ్ళ డబ్బాలు, ఒక పెద్ద చుట్ట తెచ్చాడు. చుట్ట విప్పితే పల్చటి ప్లాస్టిక్ కవర్లు. ప్రతి కవరు మీదా ఆయన ముఖం. బెంగళూరులో స్టూడియోకు పోయి, స్టూడియో వాళ్ళ నల్లకోటు తొడుక్కుని, మీసం దువ్వుకుని ఫోటో దిగాడట. ఒక్క ఎర్రరంగుతోనే అచ్చు వేయడంతో ముఖం కోపంగా ఉన్నట్టు కనపడేది. కింద తెలుగులో ఆయన పేరు. పానీయం పేరు దానికన్నా చిన్న అక్షరాల్లో ఉంది.

తీపినీళ్ళు కవర్లో పోసి, మిషను కింద మూతి పెట్టి నొక్కితే కరిగి అతుక్కుపోయేది. తాగేవాళ్ళు మూల కొరికి పీల్చుకోవడమే. కడిగే పని లేదు. తిరిగి తీసుకునే పని లేదు. "తాగల్ల, పారెయ్యల్ల, అంతే," అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు. జీవితమంతా సీసా యాడ అని అడిగిన నోటితోనే చెప్పేవాడు.

మనిషి మారిపోయాడు. తాగేవాళ్ళ గొంతు చూడడం మానేశాడు. కవరు తీసుకుని ఎటు పోయినా పట్టించుకోలేదు. మధ్యాహ్నం నిద్ర అలవాటైంది. పెళ్ళిళ్ళలో భోజనానికి కూర్చోవడం మొదలుపెట్టాడు. "ఇన్నాళ్ళూ సీసాల్ని నేను కాయలే టీచరమ్మా, అవే నన్ను కట్టేసి కాసినాయి," అన్నాడు ఒక రోజు వక్కాకు నములుతూ. ఆడవాళ్ళకు బావి దక్కింది. ఆయనకు నిద్ర దక్కింది. కవర్లు సీసాలకన్నా ఎక్కువే పోయేవి. పాత సీసాలు గోనెసంచుల్లో కొట్టం మూలకు చేరాయి.

ఆ ఏడు మా బడి వార్షికోత్సవంలో మా హెడ్మాస్టరు ఆయనకు శాలువా కప్పి, కరువులో ఊరి నీళ్ళు కాపాడిన పెద్దమనిషి అని పొగిడాడు. అబద్ధమేమీ కాదు. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ తలా ఒక కవరు పంచారు. సభ అయ్యాక చూస్తే మైదానమంతా ఎర్రటి ముఖాలు. జనం వాటిని తొక్కుకుంటూ ఇళ్ళకు పోయారు. శాలువా కప్పుకున్న ఆయన మాత్రం తన ముఖం మీద తానే కాలు పెట్టలేక, చీర అంచు ఎత్తి బురద దాటే ఆడమనిషిలా పక్కపక్కన అడుగులు వేసుకుంటూ వచ్చాడు.

తర్వాత ఎండాకాలం గాలి లేచింది. మా వైపు గాలికి అడ్డం పడడానికి చెట్లు లేవు, కంప తప్ప. ఎగిరిన కవరు ఎక్కడో ఒకచోట ముల్లుకు తగులుకుని ఆగిపోయేది. ఆయన ఒకసారి అనంతపురం పోయి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే మా గడప దగ్గరకు వచ్చాడు.

"ముదిగుబ్బ దావ పొడుగునా నేనే ఉండా టీచరమ్మా. యా కంప చూసినా నా మొగమే."

"దిష్టిబొమ్మ మాదిరి," అంది వదిన లోపలి నుంచి.

ఆయన పట్టించుకోలేదు. టికెట్టు లేకుండా తాను తిరిగిన ఊళ్ళు ఒక్కొక్కటే చెప్పాడు. సీసాల మీది ఆడమనిషి ఎక్కడిదో గానీ, ఆమె ఇన్ని ఊళ్ళు చూసి ఉండదని ఆయన నమ్మకం.

ఆ ఎండల్లోనే ఒక మధ్యాహ్నం గొర్రెలాయన వచ్చాడు. మడకశిర వైపు మనిషి. అక్కడ గడ్డి లేక మందను తోలుకుని ఊరూరూ తిరుగుతూ కదిరి బయట బీడులో దిగాడు. భుజాన చచ్చిన గొర్రె, చేతిలో ముడి కట్టిన గుడ్డ. గొర్రెను మా అరుగు మీద దించి, గుడ్డ విప్పాడు. అందులో పాచిపట్టిన ప్లాస్టిక్ ముద్ద ఉంది. దాన్ని వేళ్ళతో విడదీసి, ఒక కవరును పంచెకు తుడిచి, ఆయన ముఖం పక్కన పెట్టి చూశాడు.

"ఈ మొగం నీదేనాప్పా?" అన్నాడు.

ఆయన కవరు అందుకుని, అలవాటు కొద్దీ వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూశాడు. అవతల గొర్రె కనపడింది కాబోలు, చెయ్యి దించాడు.

"నాదే," అన్నాడు.

గొర్రెలాయన గొంతు పెంచలేదు. అరుగు మీద కూర్చుని జరిగింది చెప్పాడు. బీడులో గడ్డి లేదు. కవర్లకు తీపి అంటుకుని ఉంటుంది కనుక గొర్రెలు నాకి నాకి మింగేశాయి. కడుపులు ఉబ్బాయి, మేత మానేశాయి. ఏదో తెగులనుకుని పసరు తాగించాడు. అయినా ఒకటి చచ్చిపోయింది. "రోగం ఏందో చూద్దామని కోసినా. రోగానికి మీసాలుండాయి," అన్నాడు. అతనికి చదువు రాదు. కవరు పట్టుకుని బజారంతా చూపిస్తే ప్రతి ఒక్కరూ ఇంటికి దారి చెప్పారు. "ఈ ఊర్లో నువ్వు తెలియనోళ్ళు ల్యారప్పా," అన్నాడు. ఆ మాట కోసం సోడా ఆయన ఎన్నేళ్ళు ఎదురుచూశాడో గొర్రెలాయనకు తెలియదు.

ఆయన ఏదో ఇస్తానన్నట్టు నడుము సంచి తడుముకున్నాడు. గొర్రెలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"దుడ్లు అడగలే. దుడ్లిస్తే గొర్రె లేచి నిలబడదు. నా గొర్రె కడుపులో నీ మొగం ఎందుకుండాది? అదొకటి చెప్పు, పోతా."

ఆయన నా వంక చూశాడు. నేను వదిన వంక చూశాను. వదిన లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి గొర్రెలాయన చేతికిచ్చింది. తర్వాత సంగటి పెట్టింది. అతను తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, గొర్రెను మళ్ళీ భుజాన వేసుకున్నాడు. మందలో ఇంకా కొన్ని ఉబ్బి ఉన్నాయని, మళ్ళీ ఈ దారినే తిరిగి పోవాలని చెప్పి వెళ్ళిపోయాడు. జవాబు రాలేదని ఆయన్ను మరోసారి అడగలేదు.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదని వదిన చెప్పింది. తెల్లవారి చూస్తే గోనెసంచి, చివర కొక్కెం కట్టిన కట్టె తీసుకుని బీడు వైపు పోతున్నాడు. కంపకు చిక్కుకున్న కవర్లు కట్టెతో లాగి సంచిలో వేసుకున్నాడు. అయితే తనవి మాత్రమే. అప్పటికి ఊళ్ళో ఇంకొకాయన ఇదే వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ కవర్ల మీద చిలక బొమ్మ ఉండేది. ఈయన చిలకలను ముట్టుకోలేదు. ఒకే కొమ్మకు రెండూ చిక్కుకుని ఉంటే తన దాన్ని జాగ్రత్తగా విడదీసి, చిలకను మళ్ళీ ముల్లుకే తగిలించి వచ్చాడట. ఎవరి మొగం వాళ్ళు ఏరుకోవాలన్నాడు.

మంద దగ్గర కూర్చున్న గొర్రెలాయన అది కాసేపు చూశాడు. "గొర్రెకు చిలకేందో నువ్వేందో తెల్దప్పా," అన్నాడట. ఆ రోజు నుంచి చిలకలను కూడా ఏరాడు. వాటి మనిషిని తిట్టుకుంటూ ఏరాడు.

ఏరినవన్నీ తెచ్చి పెరట్లో నిప్పు పెట్టాడు. నల్లటి పొగ లేచి వీధంతా కమ్ముకుంది. నీళ్ళ కోసం తగువాడిన ఆడవాళ్ళే ముక్కులు మూసుకుని మళ్ళీ పెరట్లోకి వచ్చారు. మంట ఆర్పడానికి బావిలో నీళ్ళే తోడాల్సి వచ్చింది. ఊరి బయట గుంత తవ్వి పూడుద్దామని చూశాడు. తన ముఖాల మీద తానే మన్ను వేస్తుంటే వదిన గట్టు మీద నిలబడి, బతికుండగానే ఇంతమందిని పూడ్చుకునే భాగ్యం ఎవరికుంటుంది అంది. అన్నదే గానీ రెండో పార తీసుకుని ఆమె కూడా దిగింది.

కవర్ల పని మానేశాడు. అచ్చయిన చుట్ట సగానికి పైగా మిగిలే ఉంది. దాన్ని అటక మీద పెట్టి, మూలన ఉన్న గోనెసంచులు విప్పాడు. సీసాలను చాలా కాలం తర్వాత పలకరించినట్టు ఒక్కొక్కటే తీసి చూశాడు. అన్నీ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. కడగాలి. బావి వంక చూశాడు. అందులో అడుగున తడి తప్ప లేదు. వచ్చి మా గడప మీద కూర్చున్నాడు.

"సీసా అయితే ఊరి నీళ్ళు తాగుతాది. కవరైతే ఊరి గొర్రెల్ని తింటాది. నేనేం అమ్మల్ల, చెప్పు టీచరమ్మా."

మజ్జిగ అమ్మమన్నాను. నాకు తోచింది అదే.

"ఎనుము యాడ పాలిస్తాండాది, గడ్డి ల్యాక," అంది వదిన. "అది కూడా కవర్లే తింటాదేమోనని కట్టేసినా."

చివరికి ఆమే ఒప్పందం చెప్పింది. ఊరి బయట తోటలో బోరు దగ్గర నుంచి సైకిలు మీద బిందెలతో నీళ్ళు తెచ్చుకోవాలి. బావి జోలికి పోకూడదు. తెచ్చిన నీళ్ళు అయిపోతే ఆ రోజుకు సోడా అయిపోయినట్టే. కడిగిన నీళ్ళు ఆమె వంకాయ మొక్కలకు. ఆయన ఒప్పుకున్నాడు. మళ్ళీ కీచుమనే సోడా వచ్చింది, మళ్ళీ గుటకలు చూడడం వచ్చింది. కానీ జనానికి అప్పటికి నడుస్తూ తాగడం అలవాటైపోయింది. నిలబడి తాగి సీసా ఇచ్చిపోయే ఓపిక ఎవరికీ లేదు. ఇంత కరువులో నీళ్ళతో సీసాలు కడుగుతాండాడు చూడండి అని మా హెడ్మాస్టరే నాతో అన్నాడు. మరుసటి వార్షికోత్సవానికి చిలక కవర్లు తెప్పించాడు. శాలువా కూడా చిలక మనిషికే కప్పారు. అతను మేడ కట్టుకున్నాడు. సోడా ఆయన సైకిలు మీద బిందెలు మోసి మోసి కాస్త వంగిపోయాడు. ఇందులో న్యాయం ఏమిటని అమ్మ అడిగితే, న్యాయం సంగతి తెలియదు గానీ పగలు నిద్ర మాత్రం పాయ అన్నాడు.

గొర్రెలాయన ఆ తర్వాత కూడా ఎండాకాలం వచ్చేసరికి మందతో వచ్చేవాడు. ఉబ్బిన వాటిలో కొన్ని బతకలేదని మరుసటి ఏడు వచ్చినప్పుడే చెప్పాడు. అరుగు మీద కూర్చుని సంగటి తినేవాడు. తిన్నాక ఆయన అంగడి తలుపు దగ్గరకు వేసి, గోనెసంచి, కొక్కెం కట్టె తీసుకుని అతని వెంట పోయేవాడు. మందకు ముందు ఆయన, వెనక గొర్రెలాయన. గొర్రెలు వచ్చేలోగా దారి పక్క కంపల్లో ఉన్నవి ఆయన ఏరేవాడు. ఈయన ముఖం ఉన్న కవర్లు ఏటికేడు తగ్గిపోయాయి. ఎండకు రంగు పోయి, చిరిగి, పొడి అయ్యాయి. ఉన్నవన్నీ చిలకలు, ఇంకా కొత్త కొత్త బొమ్మలు. అయినా పోయేవాడు. ఎందుకన్నా, నీవి అయిపోయినాయి గదా అన్నాను ఒకసారి. "మొదలుపెట్టింది నేను గదమ్మా," అన్నాడు. వ్యాపారం మొదలుపెట్టింది అన్నాడో, ఏరడం మొదలుపెట్టింది అన్నాడో నేను అడగలేదు.

ఎనభైలు అయిపోవస్తుండగా నాకు రాయదుర్గం బదిలీ అయింది. సామాను ముందే పంపేసి, అమ్మా నేనూ అనంతపురం బస్సెక్కాం. పొద్దున చెప్పి వద్దామంటే ఆయన ఇంట్లో లేడు. మంద వచ్చింది, పోయినాడు అంది వదిన.

ఊరు దాటిన కాసేపటికి బస్సు ఆగింది. రోడ్డంతా గొర్రెలు. డ్రైవరు హారన్ కొట్టాడు. ముందు నడుస్తున్న ముసలాయన వెనక్కి తిరగలేదు. ఒక కంప దగ్గర ఆగి కట్టె ఎత్తి కొక్కెంతో లాగుతున్నాడు. ఆయన ఆగితే గొర్రెలూ ఆగాయి. నా పక్కన కూర్చున్నావిడ ఎవరాయన అని కండక్టరును అడిగింది.

"ఎవరో మడకశిర గొర్రెలాయన," అన్నాడు కండక్టరు. ప్రతి ఎండాకాలం ఇట్లే రోడ్డుకు అడ్డం పడతాడని, చెవుడు కావచ్చని కూడా అన్నాడు.

గొర్రెలు పక్కకు తప్పుకుని బస్సు మెల్లగా కదిలింది. ముందు సీటులో ఒకామె చిలక కవరు పీల్చుకుంటూ ఉంది. అయిపోయింది. ఖాళీ కవరు పారేయడానికి చెయ్యి కిటికీ బయట పెట్టింది. ఆయన రెండు పెద్ద అడుగులు వేసి బస్సు దగ్గరకు వచ్చాడు. గోనెసంచి మూతి రెండు చేతులతో వెడల్పు చేసి కిటికీ కింద పట్టుకుని బస్సుతో పాటు నడిచాడు. ఆమె ఒక్క క్షణం ఆయన్నీ సంచినీ చూసి, కవరు అందులో వేసింది.

ఆయన పక్క కిటికీ కిందికి జరిగాడు.